నల్ల అంబాసిడర్‌కు క్లియర్ కోట్ అవసరమా?

ప్రశ్న: మా నాన్నగారి 1968 మార్క్ 2 అంబాసిడర్ నలుపు వెలిసిపోయింది. రంగు మీద వేసే పారదర్శకమైన పూత, క్లియర్ కోట్, తప్పనిసరి అని షెడ్డువారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పనిసరి ఏమీ కాదండీ. ఆ రోజుల్లో రంగే మెరిసేది, దాని మీద క్లియర్ ఉండేది కాదు. పాత కళే కావాలంటే గట్టిపడడానికి హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురెథేన్) సాలిడ్ నలుపు, అంటే మెటాలిక్ కాని నలుపు, చాలు. పాలిష్ చేసినప్పుడు గుడ్డకు నలుపు అంటుతుంది, కంగారు పడకండి. మెటాలిక్ రంగులకైతే మామూలుగా క్లియర్ వేస్తారు. మీ బండి రోజూ ఎండలో నిలిచేదైతే మాత్రం బేస్ కోటు (క్లియర్ కింద వేసే రంగు పూత) మీద రెండు పూతల పీయూ క్లియర్ వేయించండి. సన్నటి గీతలు పడితే రంగు జోలికి పోకుండా క్లియర్‌లోనే రుద్ది తీయవచ్చు.

అసలు ఖర్చు పెట్టవలసింది రేకు మీద. నలుపు చాడీకోరు, చిన్న సొట్టనైనా బయటపెడుతుంది. ప్రైమర్ మీద వేరే రంగు పలుచగా చిలకరించి, దిమ్మెకు చుట్టిన వాటర్ పేపరుతో రుద్దమనండి. పల్లాల్లో ఆ రంగు మిగిలిపోతుంది, అక్కడ మళ్లీ పుట్టీ పడాలి. ఉత్త చేత్తో రుద్దే మేస్త్రీకి నేనైతే నల్ల బండి ఇవ్వను.

పాత పూత పెచ్చులూడుతుంటే రేకు దాకా గీకించాల్సిందే. వానల్లో ఈ పని పెట్టుకోకండి. హార్డెనర్‌లోని ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులకు ప్రమాదం, ముక్కుకు కట్టిన రుమాలు వాటిని ఆపలేదు. స్ప్రే చేసే మనిషికి బయటి గాలి అందించే మాస్కు ఉందో లేదో ముందే అడగండి.