సీజన్ ముందు వారం ఎన్‌బీఏ జట్లు నిన్న తీసుకున్న ఆటగాణ్ణి ఇవాళ ఎందుకు పంపేస్తాయి?

ప్రశ్న ఇదీ: అక్టోబర్ వచ్చేసరికి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ వార్తల్లో రోజూ ఎవరో పేరు తెలియని ఆటగాణ్ణి ఫలానా జట్టు తీసుకుందని ఉంటుంది, మర్నాడే తీసేసిందని ఉంటుంది. ఇదేం తమాషా? తీసేసినవాళ్ళు ఏమవుతారు? ఇందులో అభిమాని పట్టించుకోవాల్సింది ఏమిటి? మనవాళ్ళెవరైనా ఈ దారిన వెళ్ళారా?

నేను ఆటగాణ్ణి కాదు, విలేకరినీ కాదు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో 2016 నుంచి ఉంటున్న సాఫ్ట్‌వేర్ వాణ్ణి, డాలస్ ఎన్‌బీఏ జట్టు మావెరిక్స్ అభిమానిని. మా ఇంటికి పది నిమిషాల దూరంలో టెక్సాస్ లెజెండ్స్ ఆడతారు. మావెరిక్స్‌కి అది కింది జట్టు, ఎన్‌బీఏకి కిందిస్థాయి లీగ్ అయిన జీ లీగ్‌లో ఆడుతుంది. మావెరిక్స్ మ్యాచ్‌కి ఒక్కడు వెళ్ళే ఖర్చుతో ఇక్కడ ఇంటిల్లిపాదీ వెళ్ళి పాప్‌కార్న్ కూడా తినొచ్చు. అందుకని మీరు చెప్పే ఆ పేరు తెలియని ఆటగాళ్ళను నేను చాలా దగ్గర్నుంచే చూశాను.

ముందు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. మీరు చూసే వార్తల్లో చాలావరకు తీసేయడం కాదు. ఆటగాణ్ణి కింది జట్టుకి చేర్చడానికి అదొక దారి, అంతే.

ఎలాగంటే, జీ లీగ్‌లో ఆటగాడు సంతకం పెట్టేది లీగ్‌తో, జట్టుతో కాదు. కాబట్టి మావెరిక్స్ వాళ్ళు ఒక కుర్రాణ్ణి చూసి ముచ్చటపడి "పో, మా లెజెండ్స్‌లో ఆడు" అనడానికి వీల్లేదు. కానీ అతన్ని ముందు తమ ట్రైనింగ్ క్యాంపుకి తీసుకుని, తర్వాత వదిలేస్తే, జీ లీగ్‌లో అతని మీద హక్కు లెజెండ్స్‌కి వస్తుంది. ఈ పనికి వాడే కాంట్రాక్టునే ఎగ్జిబిట్ 10 అంటారు. 2017 నుంచి ఉంది. వదిలేశాక ఆటగాడు ఆ కింది జట్టులో చేరి 60 రోజులు ఉంటే బోనస్ ఇస్తారు. మొదట్లో అది 5 వేల నుంచి 50 వేల డాలర్ల దాకా ఉండేది, 2023లో పైపరిమితిని 75 వేలు చేశారు. జీ లీగ్‌లో మామూలు జీతం ఏడాదికి 40 వేల పైచిలుకే కాబట్టి, ఆ కుర్రాడికి జీతం కంటే బోనసే పెద్దది కావొచ్చు. నిన్న తీసుకుని ఇవాళ పంపేశారంటే పాపం అనుకోకండి, చాలాసార్లు అంతా ముందే మాట్లాడుకున్నదే. క్యాంపులో ఒకేసారి 21 మందికి మించి ఉండకూడదు గనక ఒకణ్ణి పంపి, ఆ కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టి, వాణ్ణీ పంపుతారు. పెళ్ళి భోజనాల్లో బంతి తర్వాత బంతి లేచినట్టే.

సీజన్ మొదలయ్యేసరికి ఆ 21 మందిలో 15 మందికి మించి ఉండకూడదు. వీళ్ళు కాక ముగ్గురు టూ-వే ఆటగాళ్ళు. టూ-వే అంటే ఒక కాలు పైజట్టులో, ఒక కాలు కింది జట్టులో. పైన 50 మ్యాచ్‌ల దాకా పిలవొచ్చు, సీజన్ చివర టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌కి మాత్రం పనికిరారు. 2024-25లో వాళ్ళ జీతం సుమారు 5 లక్షల 78 వేల డాలర్లు. అంటే జీ లీగ్ జీతానికి పదమూడు రెట్లు. క్యాంపులో అసలు కొట్లాట ఈ కుర్చీల కోసమే.

నిజంగా తీసేసేది చివరి శనివారం. సీజన్ మంగళవారం మొదలవుతుంది, జట్టు లెక్క సోమవారానికి తేలాలి. కానీ వదిలేసిన ఆటగాడు 48 గంటలు వేవర్స్‌లో ఉండాలి. మిగతా 29 జట్లలో ఎవరికైనా కావాలంటే అదే కాంట్రాక్టుతో తీసుకోవడానికి ఇచ్చే గడువు అది. సోమవారం నుంచి రెండు రోజులు వెనక్కి లెక్కేస్తే శనివారం సాయంత్రం. అందుకే ఆ రోజు వరసబెట్టి పేర్లు పడతాయి. ఆ రోజు మాత్రం పాపం అనుకోవచ్చు.

మావాడికి వారాంతాల్లో బాస్కెట్‌బాల్ నేర్పే కోచ్ ఒకాయన ఉన్నాడు. 2019లో ఒక జట్టు క్యాంపుకి వెళ్ళాడు. పన్నెండు రాత్రులు హోటల్లో. ప్రీసీజన్‌లో నాలుగు మ్యాచ్‌లకు కలిపి ఆరు నిమిషాలు ఆడాడు, ఒక్క బుట్ట పడింది. ఆటలో వేసే ఎత్తుగడలన్నీ ఒక ట్యాబ్లెట్‌లో పెట్టి ఆటగాళ్ళకు ఇస్తారట. "పొద్దున్నే ఫోన్ చేసి, ఒకసారి పైకి రా, ట్యాబ్లెట్ కూడా పట్టుకురా అన్నారు. ట్యాబ్లెట్ అనగానే నాకు అర్థమైపోయింది" అన్నాడు. మీటింగ్ రెండు నిమిషాలట. మర్యాదగానే చెప్పారట. కింది జట్టు ఊరికి విమానం టికెట్ అప్పటికే మెయిల్లో ఉందట.

ఇది విన్నప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా అయింది. ఎందుకంటే 2023 జనవరిలో మా కంపెనీ నన్ను తీసేసినప్పుడు వచ్చిన మెయిల్లో మొదటి లైన్ లాప్‌టాప్, బ్యాడ్జ్ ఏ డబ్బాలో పెట్టి ఏ అడ్రసుకి పంపాలో. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి తెలుసు, ఉద్యోగం పోయాక 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి. ఆయనకీ 60 రోజులే అని తెలిసి నా సంగతి చెప్పాను. "మరి ఆ 60 రోజులకి నీకెంత బోనస్ ఇస్తారు?" అని సీరియస్‌గా అడిగాడు. ఏమీ ఇవ్వరు, దేశం వదిలి పొమ్మంటారు అన్నాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆయనే చెప్పాడు, కింది జట్టులో 60వ రోజు దాటేదాకా మోకాలు నొప్పి అని ఫిజియోకి కూడా చెప్పలేదట. క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ కూర్చున్నాడట. బోనస్ చేతికొచ్చింది. మోకాలు మాత్రం మునుపటిలా లేదు.

ఇక ఖాళీగా ఉన్న సీనియర్లను సీజన్ ముంగిట తీసుకోవడం వేరే కథ. జట్టులో 15 మంది ఉండొచ్చు, 14 మందితోనూ నెట్టుకురావొచ్చు. మొత్తం జీతాల మీద లీగ్ గీసిన లగ్జరీ ట్యాక్స్ గీత దాటిన జట్లు (2024-25లో అది 17 కోట్ల డాలర్ల పైచిలుకు) పదిహేనో కుర్చీ ఖాళీగా పెట్టి డబ్బు మిగుల్చుకుంటాయి. గీత దాటాక ఒక డాలర్ జీతానికి ఇంకో డాలరో, అంతకు మించో పన్ను పడుతుంది మరి. భర్తీ చేసినా కనీస జీతం మీద ఒక సీనియర్‌ని తెస్తాయి. పదేళ్ళు ఆడినవాడికి కనీస జీతమే ఎక్కువ ఉంటుంది, కానీ ఒక్క ఏడాది కాంట్రాక్టయితే జట్టు లెక్కలో రెండేళ్ళ అనుభవం ఉన్నవాడి జీతమే పడుతుంది, మిగతాది లీగ్ భరిస్తుంది. కనీస జీతం మీద ఆడే సీనియర్లు చాలామంది ఏడాది ఏడాదికి సంతకాలు పెట్టడం వెనక కిటుకు ఇదే.

మా మావెరిక్స్ 2022-23లో ఏం చేసిందో చూడండి. జేలెన్ బ్రన్సన్ వెళ్ళిపోయాక బంతి తెచ్చేవాడు ఇంకొకడు కావాలి. సీజన్ మొదలవబోతుందనగా అర్జెంటీనా వాడు ఫకుండో కాంపాజోని తెచ్చారు. కాంట్రాక్టుకి గ్యారంటీ లేదు, తుమ్మితే ఊడిపోయే ముక్కు. ఎనిమిది మ్యాచ్‌లు ఆడించి నెల తిరిగేసరికి నవంబర్ 18న పంపేశారు. ఆ నెలాఖరులో కెంబా వాకర్‌ని తెచ్చారు. నాలుగుసార్లు ఆల్‌స్టార్, మోకాలు దెబ్బతిన్న మనిషి. డిసెంబర్ 17న క్లీవ్‌లాండ్‌లో అప్పటి మా స్టార్ లూకా డాన్చిచ్ లేని రోజు 32 పాయింట్లు కొట్టాడు. ఓవర్‌టైమ్‌లో ఓడిపోయాం గానీ, ఆ రాత్రి మా ఆఫీసు వాట్సాప్ గ్రూపంతా అతనే. జనవరి 6న అతన్నీ తీసేశారు. ఎందుకా తేదీ? జనవరి 10కి జట్టులో ఉన్నవాళ్ళందరి జీతం ఏడాది మొత్తానికి గ్యారంటీ అయిపోతుంది. వేవర్స్ గడువు కలుపుకుంటే 7వ తేదీలోపే తేల్చుకోవాలి. కాబట్టి అక్టోబర్‌లో గ్యారంటీ లేకుండా ఎవరినైనా తీసుకున్నారంటే సంక్రాంతి ముందు వారం దాకా సంబరపడకండి.

డబ్బు లెక్కతో పనిలేకుండా చేసిన పనీ ఒకటుంది. 2020లో కోవిడ్ వల్ల క్యాంపులు డిసెంబర్‌లో జరిగాయి. జేజే బరేయాకి జట్టులో చోటు లేదని అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. 2006లో డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునే రోజు) ఎవరూ పిలవకపోతే ఇక్కడికొచ్చి, 2011 టైటిల్ గెలిచిన జట్టులో ఆడినవాడు. ఆయనకి 26 లక్షల డాలర్లు పూర్తి గ్యారంటీతో కాంట్రాక్టిచ్చి, పది రోజుల తర్వాత వదిలేశారు. కాగితం మీద అది కట్ అనే ఉంటుంది. నిజానికి అది బట్టలు పెట్టి సాగనంపడం.

ఇక తీసేసినవాళ్ళు ఏమవుతారంటే, చాలామంది జీ లీగ్‌కి, కొందరు యూరప్, చైనా, ఆస్ట్రేలియా లీగ్‌లకి వెళ్తారు. అక్కడ డబ్బు ఎక్కువ రావొచ్చు, కానీ ఇక్కడ కంటి ముందు ఉంటే ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు పిలుపు వస్తుందని ఆశ. ఆ ఆశ అందరికీ వట్టిపోలేదు. అలెక్స్ కరూసోని 2016 అక్టోబర్‌లో ఓక్లహోమా సిటీ క్యాంపు నుంచి పంపేశారు. అతను వాళ్ళ కింది జట్టులోనే ఆడి, మరుసటి ఏడాది లేకర్స్ టూ-వే పట్టి, 2020లో టైటిల్ గెలిచాడు. పంపేసిన ఓక్లహోమా సిటీయే 2024లో అతన్ని ట్రేడ్‌లో (ఇంకో జట్టుతో ఆటగాళ్ళ మార్పిడి) తెచ్చుకుని 2025లో టైటిల్ కొట్టింది. 2021లో వారియర్స్ చివరి కుర్చీకి పోటీపడ్డ గ్యారీ పేటన్ 2ని అక్టోబర్ 15న తీసేశారు. జట్టు వీడియో విభాగంలో ఉద్యోగం ఏమైనా ఉందా అని కూడా అడిగాడట. నాలుగు రోజులకు వాళ్ళే పిలిచి ఆ కుర్చీ ఇచ్చారు. ఆ సీజన్‌లోనే వారియర్స్ టైటిల్ గెలిచింది.

నాకు మాత్రం అందరికంటే ఇష్టమైనవాడు యోగి ఫెరెల్. పేరు చూసి మా అపార్ట్‌మెంట్లో సగం మంది మనవాడే అనుకున్నారు. కాదు, ఇండియానా కుర్రాడు, యోగి ముద్దుపేరు. నెట్స్ జట్టు వదిలేస్తే కింది లీగ్‌లో ఉన్నాడు. 2017 జనవరి చివర్లో మావెరిక్స్‌లో బంతి తెచ్చే గార్డులు కొందరికి దెబ్బలు తగిలితే పది రోజుల కాంట్రాక్టు మీద పిలిచారు. ఫిబ్రవరి 3న పోర్ట్‌లాండ్‌లో తొమ్మిది త్రీలు (మూడేసి పాయింట్ల బుట్టలు), మొత్తం 32 పాయింట్లు. పది రోజులు నిండాక అసలు కాంట్రాక్టు ఇచ్చేశారు.

పట్టించుకోవాల్సింది ఏదంటే, నేను పేరు చూడను, కాంట్రాక్టు చూస్తాను. ఎగ్జిబిట్ 10 అని ఉంటే కింది జట్టు వార్తగా లెక్కేసుకుంటాను. ఎగ్జిబిట్ 10ని టూ-వేగా మార్చారంటే ఆగి చదువుతాను, ఆ కుర్రాడిలో కోచ్‌కి ఏదో నచ్చిందన్నమాట. గ్యారంటీ జీతం ఉన్నవాణ్ణి కూడా వదిలేశారంటే అదే పెద్ద వార్త. ఆడినా ఆడకపోయినా ఇవ్వాల్సిన డబ్బు నీళ్ళలో పోసుకుని మరీ పంపారంటే, పదిహేనో కుర్చీకి ఎవడో బయటివాడు గట్టిగా పోటీ ఇచ్చాడని అర్థం.

మనవాళ్ళ సంగతి. తెలుగువాళ్ళెవరూ ఈ క్యాంపుల దాకా వచ్చినట్టు నేను చూడలేదు. పంజాబీ మూలాలున్న కెనడా కుర్రాడు సిమ్ భుల్లర్, ఏడడుగుల అయిదంగుళాల మనిషి, సరిగ్గా మీరడిగిన దారినే వెళ్ళాడు. 2014 అక్టోబర్‌లో శాక్రమెంటో కింగ్స్ క్యాంపు నుంచి తీసేస్తే, వాళ్ళ కింది జట్టు రీనోలో ఆడాడు. 2015 ఏప్రిల్‌లో పది రోజుల కాంట్రాక్టు మీద పైకొచ్చి, ఎన్‌బీఏలో ఆడిన మొదటి భారత సంతతి ఆటగాడయ్యాడు. అదే ఏడాది మావెరిక్స్ 52వ పిక్‌తో పంజాబ్ నుంచి సత్నామ్ సింగ్‌ని డ్రాఫ్ట్ చేసింది. భారత్‌లో పుట్టి డ్రాఫ్ట్ అయిన మొదటివాడు. పైజట్టుకి ఆడే యోగం పట్టలేదు, ఇక్కడ లెజెండ్స్‌కి రెండు సీజన్లు ఆడాడు.

నేను ఊరికి కొత్తగా వచ్చిన ఆ చలికాలం మా వీధిలోవాళ్ళే లెజెండ్స్ మ్యాచ్‌లకు లాక్కెళ్ళారు. సత్నామ్ ఎక్కువసేపు బెంచి మీదే ఉండేవాడు. చివరి నిమిషాల్లో లేచి వామప్ చొక్కా విప్పితే చాలు, గుజరాతీలు, పంజాబీలు, మనవాళ్ళు, ఒకరితో ఒకరికి పరిచయం లేనివాళ్ళం, అందరం లేచి నిలబడేవాళ్ళం. అప్పటికి స్కోరు ఎంతో, ఎవరు గెలుస్తున్నారో మాకెవరికీ పట్టేది కాదు.