ఇరుకు ట్రెయిల్‌లో (కొండల్లో, అడవుల్లో ఉండే బాటలో) రెండు మౌంటెన్ బైకులు, అంటే అలాంటి బాటల్లో తొక్కే సైకిళ్లు, ఎదురుపడితే ఎవరు ఆగాలి?

అమెరికా పబ్లిక్ ట్రెయిళ్లలో, వన్‌వే అనో మరోలానో బోర్డు లేకపోతే, దిగే సైకిలే ఆగి ఎక్కేవాళ్లకు దారివ్వాలి. ఎక్కేటప్పుడు ఊపు పోయి కాలు దించితే ఆ వాలులో మళ్లీ పెడల్ అందుకోవడం కష్టం. దిగేవాళ్లు ఆగినా మళ్లీ కదలడానికి బ్రేకు వదిలితే చాలు.

టీనేజ్ పిల్లలకు ఇది నేర్పాలంటే మాటలతో చెబితే సరిపోదు, చేయించాలి. ఉదాహరణకు అవతల ఏముందో కనబడని మలుపు: లోపలికి వెళ్లకముందే వేగం తగ్గించాలి, రెండు బ్రేకు లివర్ల మీదా ఒక్కో వేలు ఉండాలి. ఎదురుగా ఎవరైనా కనబడితే ఆగి, కొండవైపు కాలు దించాలి. లోయవైపు దించితే నేల అందక సైకిల్‌తో సహా పడిపోతారు.

బెల్ కొడితే నడిచేవాళ్లు తప్పుకోవాలని చాలామంది అనుకుంటారు. బెల్ మన రాక తెలపడానికే. సైకిళ్లకు మాత్రమే అనే బోర్డు లేకపోతే, నడిచేవాళ్లకూ గుర్రాలకూ సైకిలే దారివ్వాలి. గుర్రం దగ్గర మాత్రం బెల్ వద్దు, బెదురుతుంది. ఆగి మెల్లగా పలకరించాలి.