కేసు చివర జవాబు ఉండదు

శ్రావణీ,

నీకు అహ్మదాబాద్ ఐఐఎంలో సీటొచ్చిందని అన్నయ్య ఫోన్ చేసినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మన ఇంట్లో నా తర్వాత అక్కడికి వెళ్తున్నది నువ్వే. సంతోషం ఎంత ఉందో బెంగా అంతే ఉంది. "అక్కడ పాఠాలు చెప్పరట, కంపెనీల కథలు చదివిస్తారట, దానికి అన్ని లక్షలెందుకు" అన్నావట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ పద్ధతి నిన్న మొన్నటిది కాదే. 1870లో హార్వర్డ్ లా స్కూల్ డీన్‌గా వచ్చిన లాంగ్‌డెల్ కోర్టు తీర్పులనే పాఠాలుగా పెట్టాడు. అక్కడే లా చదివిన డోనమ్ 1919లో బిజినెస్ స్కూల్ డీన్ అయ్యాక, కంపెనీల చిక్కులను అలాగే క్లాసులోకి తెచ్చాడు. ఒక కంపెనీ చిక్కును కథలా రాసి ఇచ్చేదాన్నే అక్కడ కేసు అంటారు. 1961లో మన ఐఐఎం మొదలైనప్పుడు హార్వర్డ్ సాయంతో అది అహ్మదాబాద్ చేరింది.

కేసు ముందురోజు రాత్రే చదువు. చివర్లో ఉండే పట్టికలు వదలకు, లెక్కలు నువ్వే వేసుకో. నీ నిర్ణయం ఒక్క వాక్యంలో రాసుకున్నాకే స్టడీ గ్రూపుకి వెళ్లు. చలికాలానికి మంచి దుప్పటి పెట్టుకో.

నా భయం వేరే. ఇంటర్ నుంచీ కోచింగుల్లో పెరిగావు. ప్రశ్న కనపడగానే 'కీ' ఎక్కడుందా అని చూస్తావు. హాస్టల్లో నా పక్క గది అమ్మాయిదీ అదే అలవాటు. చాలా తెలివైంది. సీనియర్ల పాత నోట్సులు సంపాదించి, ఆ కంపెనీ చివరికి ఏం చేసిందో తెలుసుకునే క్లాసుకొచ్చేది. ఒకరోజు ప్రొఫెసర్ అంతా విని, "వాళ్లు చేసింది చెప్పావు. ఆ రోజు ఆ కుర్చీలో నువ్వుంటే, చేతిలో ఈ కాగితాలే ఉంటే ఏం చేసేదానివి?" అన్నారు. నోరు పెగల్లేదు. ఆ రాత్రంతా ఏడ్చింది. నోట్సులు మాత్రం మానలేదు.

తర్వాత గుంటూరులో ఒక పురుగుమందుల కంపెనీలో చేరింది. సీజన్ ముందు పెద్ద డీలర్ ఒకాయన మామూలు కంటే ఎక్కువ సరుకు అప్పు మీద అడిగాడు. పాత ఫైలు తీసింది. కిందటేడు అలాగే ఇచ్చారు, డబ్బు వసూలైంది. తనూ ఇచ్చేసింది. కిందటేడు వానలు వేళకు పడ్డాయి, పత్తికి రేటు పలికింది. ఈసారి వానలు వెనకబడ్డాయి, రైతుల దగ్గర ఆ డీలర్ బాకీలే కదల్లేదు. అవన్నీ తనకు తెలుసు. కానీ అప్పటికీ ఇప్పటికీ తేడా ఏంటని ఆగి చూసుకోలేదు. డీలర్ చేతులెత్తేశాడు, కొన్నాళ్లకు తనూ ఉద్యోగం మానేసింది. "ఫైల్లో ఉన్నదే కదా చేశాను" అని నాతో అన్నప్పటి ఆ గొంతు ఇంకా చెవుల్లోనే ఉంది.

క్లాసులో వాదన పెట్టేది ఆ తేడా పట్టుకోవడానికే. అవే పేజీలు చదివి, సీఏ చేసినవాడు నగదు ఎక్కడ ఇరుక్కుందో చెప్తాడు. ఫ్యాక్టరీలో పనిచేసొచ్చినవాడు మెషీన్ ఎందుకు ఖాళీగా ఉందని అడుగుతాడు. నీ కంటికి ఆననిది వాళ్లకు ఆనుతుంది, వాళ్లకు ఆననిది నీకు. అందుకే నోరు మూసుకుని కూర్చున్నావని తెలిస్తే ఊరుకోను. ఇంగ్లీషు తడబడితే తడబడనీ. వడ్డీ లెక్క తప్పంటూ తాతయ్యతోనే వాదించి ఒప్పించిన పిల్లవి, నీకేం తక్కువ తల్లీ?

ఒక లోటు మాత్రం నిజం. కేసులో సమాచారమంతా ఎవరో ఏరి ఇస్తారు. ఉద్యోగంలో దాన్ని నువ్వే తిరిగి తెచ్చుకోవాలి. సెలవులకు గుంటూరు రా, మిర్చి యార్డుకి తీసుకెళ్తాను, రైతులతో, కమీషన్ ఏజెంట్లతో నువ్వే మాట్లాడుదువు.

మొదటి కేసు చదివిన రాత్రి, ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి. ఆ కంపెనీ ఏం చేసిందో నాకొద్దు, నువ్వేం చేస్తావో చెప్పు. వేళకి తిను.

మీ అత్తయ్య