గుమ్మం పక్కన చిన్న చెప్పులు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. వయసు 31. ఆరు నెలల కిందట డేటింగ్ యాప్‌లో ఒకాయన పరిచయమయ్యారు. సొంతూరు రాయగడ, ఉద్యోగం విశాఖలో, ఇంజనీరునని, విడాకులయ్యాయని చెప్పారు. గోపాల్‌పూర్ బీచ్‌లో రెండుసార్లు కలిశాం. ఎప్పుడూ డబ్బు అడగలేదు. పెళ్లి చేసుకుందామంటున్నారు. కానీ రాత్రి తొమ్మిది దాటితే ఫోనెత్తరు. ఇల్లెక్కడంటే ‘గాజువాక వైపు’ అంటారు. మొన్న పంపిన ఫొటోలో గుమ్మం పక్కన చిన్నపిల్లల చెప్పుల జత కనబడింది. మా తమ్ముడు డిటెక్టివుని పెడదామంటున్నాడు. ఆయనకి తెలియకుండా ఆరా తీస్తే మోసం చేసినట్టు కాదా? ఇంకో మాట. నాకు 22వ ఏట పెళ్లయింది. పది నెలలకే పెద్దలు కూర్చుని స్టాంపు పేపరు మీద తెంపేశారు. యాప్‌లో ‘పెళ్లి కాలేదు’ అని పెట్టాను. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదా, ఊరుకోమంటోంది మా అమ్మ.

జవాబు: అమ్మా, అన్నిటికన్నా పెద్ద విషయాన్ని మీరు ఉత్తరం చివర్న, ఇంకో మాట అంటూ రాశారు. నేను అక్కణ్నుంచే మొదలుపెడతాను.

ఆ స్టాంపు పేపరు మీ ఇంట్లో ఏ ట్రంకుపెట్టె అడుగునో, పెళ్లిచీర మడతలోనో ఉండి ఉంటుంది. రెండువైపుల పెద్దల సంతకాలు, వేలిముద్రలు ఉంటాయి. కోర్టు ముద్ర ఉండదు. మన వైపు ఇలాంటి కాగితాలు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి, అవి చాలనే అందరూ అనుకుంటారు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో 29వ సెక్షన్ కులాచారం ప్రకారం జరిగిన విడాకులను ఒప్పుకుంటుంది. అయితే ఆ ఆచారం మీ వాళ్లలో ఎప్పట్నుంచో నడుస్తోందని కోర్టులో రుజువు చేసుకోవాలి. చేసుకోలేకపోతే చట్టం లెక్కలో మీరు ఇంకా ఆ మొదటాయన భార్యే. అప్పుడు రెండో పెళ్లి చెల్లదు. పైగా అది నేరం. ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త భారతీయ న్యాయసంహితలో 82వ సెక్షన్ కింద దీనికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. మొదటి పెళ్లి సంగతి దాచి చేసుకుంటే పదేళ్ల వరకు.

మిమ్మల్ని బెదిరించాలని ఇది రాయడం లేదు. దారి ఉంది, ఖర్చు కూడా లేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. గజపతి జిల్లా న్యాయసేవల ఆఫీసు పర్లాకిమిడిలోనే ఉంది, గంజాం జిల్లాది బరంపురంలో. ఆ కాగితం పట్టుకుని వెళ్లి, ఇది చెల్లుతుందా, కోర్టు డిక్రీ, అంటే విడాకుల తీర్పు కాగితం, కావాలా అని అడగండి. మీరూ ఆ మొదటాయనా ఏళ్ల తరబడి వేరుగా ఉంటున్నారు కాబట్టి ఇద్దరూ ఒప్పుకుంటే పరస్పర అంగీకారం మీద విడాకులు వస్తాయి. మధ్యలో ఆగమనే ఆరు నెలల గడువుని కూడా తగిన కారణం ఉంటే కోర్టు మాఫీ చెయ్యవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది.

ఇక మీ అమ్మగారి సామెత. ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. ఒకసారి తెగిన పిల్లకి మళ్లీ సంబంధం రాదేమోనని ఆ తల్లి ఇన్నేళ్లుగా కుమిలి ఉంటుంది. కానీ ఆ సామెత నడిచిన రోజుల్లో అబద్ధాలాడే మధ్యవర్తి ఒకడుంటే, నిజం విప్పే నోళ్లు పది ఉండేవి. గుణుపురంలో సంబంధమంటే మేనమామ నౌపడా నుంచి రైలెక్కి వెళ్లి, స్టేషను బయట టీకొట్టులో అరగంట కూర్చుంటే పిల్లాడి తాగుడు, అప్పులు, పాత పెళ్లి అన్నీ బయటపడేవి. వాకబు చెయ్యడాన్ని ఎవరూ అవమానం అనుకోలేదు. వాకబు చెయ్యకుండా పిల్లనిస్తేనే తప్పు పట్టేవాళ్లు. యాప్‌లో ఆ టీకొట్టు లేదు. ఆయనకి మీరెవరో తెలియాలంటే మీరు చెప్పిందే ఆధారం, మీకూ అంతే.

అందుకే ఆరా తియ్యండి, తప్పకుండా తియ్యండి. ఆయనకి చెప్పి తియ్యండి.

ఆయన నిజంగా కోర్టులో విడాకులు తీసుకుని ఉంటే డిక్రీ ఉంటుంది. దాని సర్టిఫైడ్ కాపీ చూపించమనండి, కేసు నంబరు రాసుకోండి. ప్రతి కేసుకీ సీఎన్ఆర్ అని పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు ఉంటుంది. ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో అది కొడితే కేసు ఏ కోర్టులో ఉంది, ముగిసిందా, నడుస్తోందా అన్నది పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. పేరుతోనూ వెతకవచ్చు కానీ మన సరిహద్దు వాళ్ల పేర్లతో ఒక చిక్కుంది. ఆంధ్రా కాగితాల్లో ఇంటిపేరు ముందు, ఒడిశా కాగితాల్లో వెనక. ఇక్కడ వెంకటరావు ఒడియా గుమాస్తా చేతిలో ‘బెంకట రావు’ అవుతాడు, వాసుదేవరావు ‘బాసుదేబ్’ అవుతాడు. రాయగడలో చదువుకుని విశాఖలో ఉద్యోగం చేస్తున్న మనిషికి రెండు రకాల కాగితాలూ ఉండవచ్చు. అన్ని రకాలుగా కొట్టి, రెండు జిల్లాల కోర్టుల్లోనూ చూడండి. దొరకలేదంటే కేసు లేదని కాదు, పేరు కలవలేదని కూడా అవ్వచ్చు. అందుకే ఆయన నుంచే నంబరు తీసుకోవడం మేలు.

డిటెక్టివు గురించి మీ తమ్ముడికి చెప్పండి. మన దేశంలో ప్రైవేటు డిటెక్టివులకి ప్రత్యేకమైన చట్టం లేదు. 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. ‘ఆయన కాల్ రికార్డులు తెస్తాం’ అన్నారంటే అక్కడే లేచి వచ్చెయ్యండి, అది నేరం, మీరూ అందులో ఇరుక్కుంటారు. ఆ డబ్బుతో మీ తమ్ముడు రాయగడ వెళ్లి రావచ్చు. అక్కడి మజ్జిగౌరమ్మ గుడికి దర్శనానికి వచ్చినట్టు దొంగచాటుగా వద్దు. ‘ఫలానా రోజు మా తమ్ముడు మీ ఇంటికి వస్తాడు, మీ వాళ్లతో మాట్లాడతాడు’ అని ముందే చెప్పండి. తర్వాత గాజువాకకి కూడా.

ఇప్పుడు ఆ చెప్పులు. మీరు ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చూసి ఉంటారు, ఎన్నిసార్లు చూశారో కూడా ఊహించగలను. అవి అక్క కొడుకువి కావచ్చు, పక్కింటి పిల్లవి కావచ్చు, ఆయన సొంత బిడ్డవి కావచ్చు. బిడ్డ ఉండటం తప్పు కాదు, దాచడమే తప్పు. ‘ఆ ఫొటోలో చిన్న చెప్పులు ఎవరివి?’ అని మామూలుగా అడగండి. రాత్రి ఫోను సంగతీ అలాగే అడగండి. మాటకి సాక్ష్యం ఒక్కటే: తొమ్మిది దాటాక ఇంట్లోంచి వీడియో కాల్, ఇంట్లో ఇంకెవరున్నా వాళ్లకి మిమ్మల్ని పరిచయం చేస్తూ.

అయితే ఇవన్నీ అడగడానికి ముందు మీ సంగతి మీరే చెప్పాలి. ఫోన్లో వద్దు, పగటిపూట, నలుగురూ తిరిగే చోట, ఎదురుగా కూర్చుని. ‘నాకు ఒకసారి పెళ్లయింది, పది నెలలు. యాప్‌లో అబద్ధం రాశాను, తప్పు నాది. కాగితాలు సరిచేసుకుంటున్నాను, అయ్యేదాకా పెళ్లి మాట వద్దు. నావి చూపిస్తాను, మీవీ చూపించండి.’ ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. పది నెలల్లో ఏం జరిగిందో ఆ రోజే విప్పి చెప్పాల్సిన పని లేదు.

ఆయన వెళ్లిపోవచ్చు. ఆ బాధ తక్కువది కాదని నాకు తెలుసు. కానీ పెళ్లయ్యాక తెలిస్తే ముఖ్యమైన సంగతి దాచి మోసం చేశారని, తెలిసిన ఏడాదిలోపు ఆ పెళ్లినే రద్దు చెయ్యమని ఆయన కోర్టుకెళ్లవచ్చు. అదే హక్కు మీకూ ఉంది, కానీ మీ పెళ్లి అక్కడిదాకా వెళ్లకూడదనే నా తాపత్రయం. ‘నా మీద నమ్మకం లేదా’ అని ఆయన కోప్పడితే ఆ రోజుకి ఊరుకోండి. వారం ఇవ్వండి. వారం తర్వాత కూడా చిరునామా రాకపోతే మీ జవాబు మీకు వచ్చినట్టే.

ఈలోపు ఒంటరిగా ఎక్కడికీ వెళ్లొద్దు, పంపకూడని ఫొటోలు పంపొద్దు. ఎప్పుడైనా డబ్బు మాట వచ్చి మోసపోతే గంటల్లోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

ఈ ఆదివారం సెలవు పెట్టుకుని పర్లాకిమిడి వెళ్లండి. ఆ కాగితం అమ్మ దగ్గర ఉందో, పెద్దల దగ్గర ఉందో కనుక్కుని రెండు జిరాక్సులు తీయించండి. సోమవారం వకీలు ఏమన్నారో నాకు రాయండి.