అమ్మాయి ఎప్పుడూ ఆ నవలలే చదువుతోంది, ఇంగ్లీషు ఆనర్స్‌లో చేర్చమంటారా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. అమ్మాయి ప్లస్ టూ ఆర్ట్స్ రెండో ఏడాది. లోకం పాడైపోయి, దుర్మార్గులు రాజ్యమేలే ఇంగ్లీషు నవలలే చదువుతుంది. వాటిలో ఆడపిల్లలు ఎదురు తిరుగుతుంటారు. ఇంగ్లీషు ఆనర్స్ చేసి వాటి మీదే పరిశోధన చేస్తానంటోంది. వాళ్ళ నాన్నగారేమో నర్సింగ్ అంటున్నారు. దాని నోట్‌బుక్‌లో 'హీరోయిన్ యుద్ధానికి వెళ్తే ఇంట్లో వంట ఎవరు చేశారు?' అని రాసుంది. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, నోట్‌బుక్‌లోని ఆ ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎం.ఏ. అయిపోయిన పిల్లలు కూడా పరిశోధనకి టాపిక్ చెప్పమని నా దగ్గరికి వస్తుంటారు. మీ అమ్మాయికి పదిహేడేళ్ళకే సొంత ప్రశ్న దొరికింది.

ఇలాంటి నవలలని డిస్టోపియా అంటారు. 2008లో వచ్చిన 'హంగర్ గేమ్స్'లో కాట్‌నిస్ అనే అమ్మాయి, తండ్రి గని ప్రమాదంలో పోయాక వేటాడి తల్లినీ చెల్లినీ పోషిస్తుంది. ఆమెతో పాటు పోటీలోకి దిగే పీటా రొట్టెలు కాల్చే ఇంటి కుర్రాడు. మగపని, ఆడపని అని మనం గీసుకున్న గీత అక్కడ చెరిగిపోతుంది. అయితే విల్లు పట్టిన అమ్మాయే బలమైన పాత్ర అంటే నేను ఒప్పుకోను. మార్గరెట్ ఆట్‌వుడ్ 1985లో రాసిన 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్'లో పిల్లల్ని కనడానికే ఉంచిన స్త్రీలకి చదవడం నిషేధం. దుకాణాల బోర్డుల మీద అక్షరాలు తీసేసి బొమ్మలు పెడతారు. కథ చెప్పే ఆమె కత్తి పట్టదు, జరిగినదంతా గుర్తుపెట్టుకుని చెబుతుంది. అంతే. బజారులో ఒడియా బోర్డులూ తెలుగు బోర్డులూ చదువుకుంటూ పెరిగిన పిల్లకి ఆ పేజీ ఎంత గట్టిగా తగులుతుందో!

ఇదంతా విదేశీ గోల అని వాళ్ళ నాన్నగారు అంటే, బేగం రొకేయా గురించి చెప్పండి. ఆవిడ బెంగాలీ. 1905లో మద్రాసు పత్రికలో 'సుల్తానాస్ డ్రీమ్' కథ రాశారు. అందులో మగవాళ్ళు పరదాలో ఉంటారు, ఆడవాళ్ళు ఎండ వేడితో వంట చేస్తూ దేశాన్ని నడుపుతారు. అది చీకటి లోకం కాదు, వెలుగు లోకం. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే మీ అమ్మాయి ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది.

ఇక బతుకుతెరువు. డిగ్రీలో ఇంగ్లీషు ఆనర్స్, తర్వాత బరంపురం యూనివర్సిటీలోనో, కోరాపుట్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో ఎం.ఏ., ఆపైన లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష యూజీసీ నెట్. అందులో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్, వస్తే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు. దానికి వయోపరిమితి 30, ఆడవాళ్ళకి ఇంకో 5 ఏళ్ళు సడలింపు. కానీ లెక్చరర్ పోస్టులకి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి, అది దాచను. అందుకే మధ్యలో బి.ఎడ్. చేయమంటాను. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ బాగా వచ్చిన మనిషికి అనువాదంలో కూడా పని ఉంటుంది. నర్సింగ్ గొప్ప వృత్తే, ఆర్ట్స్ వాళ్ళకి జి.ఎన్.ఎం. అనే నర్సింగ్ డిప్లొమా దారి కూడా ఉంది. కానీ ఇష్టం లేని పిల్లని రోగి మంచం పక్కన నిలబెట్టకండి.

నెల గడువిచ్చి, నచ్చిన ఒక పాత్ర మీద రెండు పేజీలు తెలుగులో రాయమనండి. రాత్రి భోజనాలయ్యాక మీ ఇద్దరికీ చదివి వినిపించమనండి. ఆ పేజీలు నాకూ పంపండి.