దేనికన్నా అని అడుగు: కొత్త అనువాదకుడికి లేఖ

తమ్ముడూ,

నువ్వు పంపిన అనువాద కథ రెండుసార్లు చదివాను. తెలుగు మీద నీకు పట్టుంది. సంభాషణలు మన ఇళ్లల్లో వినిపించేట్టే ఉన్నాయి. కాకపోతే కథ పొడుగునా ఒకే చోట కాలు జారుతోంది. ఇంగ్లిషులో నామవాచకం ముందు ‘బిగ్గర్’, ‘ఓల్డర్’, ‘మోర్ ఎక్స్‌పీరియెన్స్‌డ్’ లాంటి మాట కనబడగానే నీ కలం ‘మరింత’ అని రాసేస్తోంది. ఆ ఒక్క అలవాటు మానితే నీ తెలుగు సగం తేలికపడుతుంది. అందుకే ఈ ఉత్తరమంతా దాని గురించే.

బడిలో మనందరికీ టాల్, టాలర్, టాలెస్ట్ అని పట్టిక వేసి నేర్పారు. ఆ పట్టికలో మాట రూపం తెలుస్తుంది. అదే మాట నామవాచకం పక్కన చేరినప్పుడు ఏం చేస్తుందో తెలియదు. నీకూ నాకూ కావలసింది ఆ రెండోదే.

తెలుగులో విశేషణానికి పోలిక రూపమంటూ లేదు. ‘పెద్ద’ ఎప్పుడూ ‘పెద్ద’యే. పోలిక బరువంతా ‘కన్నా’, ‘కంటే’ మోస్తాయి. ‘మా ఇంటికన్నా పెద్ద ఇల్లు’ అంటాం. దేనితో పోలుస్తున్నామో ముందే చెప్పి, తర్వాత గుణం చెప్పి, చివరికి ఇంటి దగ్గరికి వస్తాం. ఇంగ్లిషు అలా నడవదు. ‘ఎ బిగ్గర్ హౌస్ దేన్ అవర్స్’ అన్నప్పుడు గుణం ఇంటికి ముందు, ‘దేన్’తో మొదలయ్యే ముక్క ఇంటికి వెనక. ఒకే పోలికను రెండుగా చీల్చి ఇంటికి అటొకటి ఇటొకటి పెట్టింది. అనువదించేటప్పుడు వెనక ముక్కను ముందుకు తెచ్చుకుంటే చాలు, మన వాక్యం మనలా నిలబడుతుంది. ‘మరింత’ అక్కర్లేదు.

అక్కర్లేదనడమే కాదు, అది అర్థాన్నే మారుస్తుంది. ‘మా ఇంటికన్నా మరింత పెద్ద ఇల్లు’ అంటే మా ఇల్లే పెద్దది, అది ఇంకా పెద్దది అని చదివేవాడికి తోస్తుంది. ఇంగ్లిషు రచయిత ఆ మాట అనలేదు. ‘బిగ్గర్ దేన్ అవర్స్’ అన్నంత మాత్రాన మాది పెద్దదని కాదు, రెండు గదుల కొంప కూడా కావచ్చు. ‘ఈవెన్ బిగ్గర్’, ‘స్టిల్ బిగ్గర్’ అని ఉంటేనే ‘మరింత’, ‘ఇంకా’ వాడు. నీ కథలో పేదవాడైన రైతు ‘పొరుగువాడి మరింత సారవంతమైన పొలం’ వైపు చూస్తాడు. ఈయన పొలం చవిటి నేల అని ముందు పేజీలోనే ఉంది కదా. ‘తన దానికన్నా సారమున్న పొలం’ అని రాస్తే కథతో పొసగుతుంది.

ఇక అసలు చిక్కు. ‘దేన్’ ముక్క చాలాసార్లు రానే రాదు. ‘లెట్స్ ఫైండ్ ఎ చీపర్ హోటల్’ అని పాత్ర అంటుంది. దేనికన్నా చీప్? ఇప్పుడు గుమ్మంలో నిలబడి అద్దె అడిగిన హోటల్ కన్నా. ఇంగ్లిషు వాడికి అది సందర్భంలో దొరుకుతుంది కాబట్టి చెప్పడు. నువ్వు ‘చవకైన హోటల్ చూద్దాం’ అని రాశావు. రెండోది కూడా ఖరీదైనదే కావచ్చు, మొదటిదానికన్నా వంద తక్కువ, అంతే. ‘ఇంతకన్నా తక్కువలో ఏదైనా చూద్దాం’ అంటే సరిపోతుంది. తెలుగులో ‘ఇంతకన్నా’, ‘దీనికన్నా’, ‘అప్పటికన్నా’ అనే మాటలు ఈ పనికే ఉన్నాయి. ‘దేన్’ లేని చోటల్లా పెన్సిలుతో అంచున ‘దేనికన్నా?’ అని రాసుకో. జవాబు ఆ పేరాలోనో ముందు పేరాలోనో దొరికేదాకా ముందుకు పోవద్దు.

దీనికి నాకు నచ్చే ఉదాహరణ ఒకటుంది. 1787 నాటి అమెరికా రాజ్యాంగ పీఠికలో ‘ఎ మోర్ పర్ఫెక్ట్ యూనియన్’ అనే మాట వస్తుంది. ‘పర్ఫెక్ట్’ అంటేనే లోపం లేనిది, అందులో ఎక్కువ తక్కువలేమిటని వ్యాకరణం పట్టుకుని అడిగేవాళ్లున్నారు. ‘దేనికన్నా?’ అని అడిగితే ఆ ప్రశ్న విడిపోతుంది. 1781 నుంచి ఆ రాష్ట్రాలను కలిపి ఉంచిన ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ అనే పాత ఒప్పందం కన్నా. ఆ ఒప్పందంలో కేంద్రానికి పన్ను వేసే అధికారం కూడా లేదు. అంటే ‘ఇప్పటిదానికన్నా లోపాలు తక్కువైన ఐక్యత’ అని. ‘మరింత పరిపూర్ణమైన’ అని రాస్తే ఉన్నదే పరిపూర్ణంగా ఉందన్నట్టు అవుతుంది. వాళ్లు కొత్త రాజ్యాంగం రాసుకున్నది ఉన్నది చాలకనే.

‘మోర్’ దగ్గర ఇంకో గొయ్యి ఉంది. ‘ద హాస్పిటల్ నీడ్స్ మోర్ ఎక్స్‌పీరియెన్స్‌డ్ డాక్టర్స్.’ ఈ వాక్యానికి రెండు అర్థాలు. ‘మోర్’ను ‘ఎక్స్‌పీరియెన్స్‌డ్’కి కలిపి చదివితే, ఇప్పుడున్నవాళ్లకన్నా ఎక్కువ అనుభవమున్న డాక్టర్లు కావాలి. ‘డాక్టర్స్’కి కలిపి చదివితే, అనుభవమున్న డాక్టర్లు ఉన్నారు గానీ ఇంకొందరు కావాలి. మొదటిది ఉన్నవాళ్ల మీద ఫిర్యాదు, రెండోది వాళ్ల మీద పనిభారం. ఇంగ్లిషు రెంటినీ ఒకే మాటలో దాచుకోగలదు, తెలుగు దాచనివ్వదు. ఏదో ఒకటి తేల్చుకునే రాయాలి. చుట్టూ వాక్యాలు చూడు. డాక్టరు తప్పు చేశాడన్న ప్రస్తావన ఉంటే మొదటిది, వరండాలో క్యూ ఉంటే రెండోది. ఏకవచనంలో ఈ ఇబ్బంది రాదు, ‘ఎ మోర్ ఎక్స్‌పీరియెన్స్‌డ్ డాక్టర్’కి ఒకటే అర్థం. ‘-అర్’ చేరే చిన్న మాటలకీ రాదు, ‘ఓల్డర్ డాక్టర్స్’ వేరు, ‘మోర్ ఓల్డ్ డాక్టర్స్’ వేరు. బహువచనం ముందూ, ‘న్యూస్’, ‘ఇన్ఫర్మేషన్’ లాంటి లెక్కపెట్టలేని మాటల ముందూ ‘మోర్’ కనబడితే ఆగు.

విశేషణం నామవాచకానికి ముందుందా వెనకుందా అన్నది కూడా చూడాలి. ‘ఎ టాలర్ గర్ల్ దేన్ మై బ్రదర్’ అంటే ఇంగ్లిషు చెవికి ఎబ్బెట్టు, ఎందుకంటే అలా అంటే తమ్ముడినీ అమ్మాయిల్లో కలిపేసినట్టవుతుంది. ‘ఎ గర్ల్ టాలర్ దేన్ మై బ్రదర్’ అంటే ఏ ఇబ్బందీ లేదు. పోలిక మాట నామవాచకానికి ముందొస్తే రెండో మనిషి కూడా ఆ నామవాచకం కిందికే వస్తాడని సూచన. మనకు రెంటికీ ‘మా తమ్ముడికన్నా పొడుగైన అమ్మాయి’ ఒక్కటే కాబట్టి ఈ తేడా మన కంటికి ఆనదు. ‘షి ఈజ్ ఎ బెటర్ పొయెట్ దేన్ హర్ హస్బెండ్’ అన్నప్పుడు భర్త కూడా కవిత్వం రాస్తాడన్న కబురు అందులోనే ఉంది. అది పోకుండా ‘కవిత్వంలో భర్తకన్నా ఈవిడదే పైచేయి’ అనవచ్చు.

‘ద’ కలిసిన పోలిక ఉంటే సాధారణంగా లెక్క రెండే అని గుర్తు. ‘ద టాలర్ బాయ్’ అంటే ఇద్దరిలో పొడుగు కుర్రాడు. ‘ది ఎల్డర్ సన్’ అంటే కొడుకులు ఇద్దరే. ముగ్గురుంటే ‘ఎల్డెస్ట్’ అంటారు. మన ‘పెద్ద కొడుకు’ రెంటికీ సరిపోతుంది గనుక ఇటు వచ్చేటప్పుడు ఇబ్బంది లేదు. కానీ నడిపివాడొకడు తర్వాత కథలోకి వస్తాడేమో అని ఎదురుచూడనక్కర్లేదని నీకు తెలుస్తుంది. ‘యంగర్ సిస్టర్’ అంటే చెల్లెలే. ‘చిన్న సోదరి’ అని రాసింది చూసి మనసు చివుక్కుమంది. అక్క, చెల్లెలు, అన్న, తమ్ముడు అన్న మాటల్లోనే పోలిక ఇమిడి ఉన్న భాష మనది.

నువ్వు ఇంగ్లిషులో కూడా రాస్తానన్నావు గనుక నాలుగు ముక్కలు. ‘ఎల్డర్’ నామవాచకం ముందే నిలుస్తుంది, దాని పక్కన ‘దేన్’ రాదు. ‘ఓల్డర్ దేన్ మి’ అనాలి. ‘సీనియర్’, ‘జూనియర్’, ‘సుపీరియర్’ లాటిన్ పోలిక రూపాలు, వాటికి ‘టు’ వస్తుంది. మన వైపు వినిపించే ‘ఎల్డర్ టు మి’ అక్కడి నుంచి పాకినట్టే ఉంటుంది. ‘వెరీ బిగ్గర్’ లేదు, ‘మచ్ బిగ్గర్’. ‘యాజ్’, ‘టూ’ వచ్చినప్పుడు ‘ఎ’ విశేషణం అవతలికి జరుగుతుంది: ‘యాజ్ బిగ్ ఎ హౌస్ యాజ్ అవర్స్’, ‘టూ బిగ్ ఎ హౌస్’.

కొన్ని చోట్ల మాత్రం ‘దేనికన్నా?’ అని అడిగినా జవాబు రాదు, రానక్కర్లేదు. ‘హయ్యర్ ఎడ్యుకేషన్’ ఉన్నత విద్య, ‘లోయర్ హౌస్’ దిగువ సభ. కరీంనగర్ వాళ్లకు లోయర్ మానేరు ఒక డ్యామ్ పేరు. పైన అప్పర్ మానేరు ఉంది కాబట్టి ఇది లోయర్ అయింది. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. ఇప్పుడు పేపర్లలో ఒట్టి ‘గ్రేటర్’ అంటేనే ఊరి పేరు. ఇలాంటి వాటిని పేర్లుగానే చూడు, ‘కన్నా’ వెతకొద్దు.

వీటి పక్కనే చేరి మోసం చేసేది ‘ఓల్డర్’. ‘యాన్ ఓల్డ్ వుమన్’ అంటే ముసలావిడ. ‘యాన్ ఓల్డర్ వుమన్’ వయసు అంతకన్నా తక్కువే కావచ్చు. యౌవనం దాటిందనో, మాట్లాడుతున్నవాడికన్నా పెద్దదనో అర్థం. పోలిక చేరాక మాట గట్టిపడాల్సింది పోయి మెత్తబడింది. నీ కథ ఏడో పేజీలో కుర్రాడికి బస్సులో చోటిచ్చే ‘ఓల్డర్ వుమన్’ని ముసలమ్మ చేశావు. ఆవిడ ఒడిలో మూడేళ్ల పిల్ల ఉంది, ఆ పిల్ల ఆవిడను అమ్మా అని పిలుస్తోంది. ‘తనకన్నా పెద్దావిడ’ అని మార్చి, ఆ పేజీ నుంచి చివరిదాకా మళ్లీ ఒకసారి చూసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య