రోజూ అడగకు బిడ్డా

హన్మకొండ

బిడ్డా,

మీ ఆయన ఉద్యోగం పోయిన సంగతి మొన్న ఫోన్లో సగం చెప్పి సగం మింగావు. పక్క గదిలో అల్లుడు ఉన్నాడని అర్థమై నేనూ తరచి అడగలేదు. ఫోన్లో కుదిరే మాటలు కావు కాబట్టి రాస్తున్నాను. ముందు నువ్వు చదువు. అతనికి చూపించాలో వద్దో తర్వాత నీ ఇష్టం.

మీ పెద్దబాపు పనిచేసిన చోటు మూతబడ్డప్పుడు నాకూ ఇంచుమించు నీ వయసే. 1934లో పుట్టిన మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు 2002లో పూర్తిగా మూతబడింది. దాని మీద బతికిన ఇళ్లను కూడా చూశాను. పైసలు లేక పడ్డ కష్టం ఒక ఎత్తు, ఆ ఇళ్లల్లో మొగుడూ పెళ్లాల మధ్య పెరిగిన మాటలు ఇంకో ఎత్తు. కొత్త పని దొరికాక కూడా ఆ మాటలు కొన్ని ఇళ్లల్లో మిగిలిపోయాయి. అందుకే నీకు ముందుగా చెప్పేది అడగడం గురించే.

బడి నుంచి ఇంటికి రాగానే "ఏమైనా వచ్చిందా?" అని అడుగుతున్నానన్నావు. నువ్వు అడిగేది ప్రేమతోనే, కానీ అతనికి మాత్రం హాజరు పిలిచినట్టు వినిపిస్తుంది. నిజంగా ఏదైనా వస్తే నువ్వు అడిగేదాకా దాచుకుంటాడా? మరుక్షణమే నీకు ఫోన్ చేయడూ! చెప్పలేదంటే రాలేదనే. ఆ "రాలేదు" అన్న మాట రోజూ అతని నోటితో అనిపించడం ఎందుకు? వారంలో ఒక పూట పెట్టుకోండి. ఆదివారం మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఒక అరగంట చాలు. ఉద్యోగానికి ఎక్కడ పెట్టాడు, ఎవరు పలికారు, ఇంట్లో డబ్బు ఎంతుంది, అన్నీ అప్పుడే మాట్లాడుకోండి. మిగతా రోజుల్లో అతను చెబితే విను, నువ్వుగా తవ్వకు.

ఆ అరగంట కోసం ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టించు. కంపెనీ పేరు, అప్లై చేసిన తేదీ, మాట్లాడిన మనిషి, మళ్లీ ఎప్పుడు కదిలించాలి, ఈ నాలుగు గళ్లు చాలు. రాత మాత్రం అతనిదే ఉండాలి. నువ్వు రాయడం మొదలుపెడితే అతనికి పెళ్లాం పోయి మేనేజర్ మిగులుతుంది. ఇప్పటి కంపెనీలు చాలావరకు "వద్దు" అని కూడా చెప్పవు, ఊరికే ఉంటాయి. మనిషిని తినేసేది ఆ మౌనమే. గళ్లు నిండుతుంటే తన వైపు నుంచి పని జరుగుతోందని అతనికైనా కనిపిస్తుంది.

నువ్వు చేయగలిగిన అసలు సాయం ఇంకోటి ఉంది. ఇంటర్వ్యూకి ముందు రోజు రాత్రి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని "పాత ఉద్యోగం ఎందుకు వదిలారు?" అని అడుగు. పాత బాసు దగ్గర మొదలుపెట్టి పెద్ద కథే చెబుతాడు, చూడు. గొంతు కూడా లేస్తుంది. మధ్యలో ఆపకు, అంతా కక్కనీ. అయ్యాక అదే జవాబు రెండు ముక్కల్లో చెప్పమను: "మా ప్రాజెక్టు ఆగిపోయి టీం మొత్తాన్ని తీసేశారు. అక్కడ ఆరేళ్లు నేను చేసిన పని ఇది." అంతే. అక్కడి నుంచి పని గురించే మాట్లాడాలి. "ఈ ఖాళీలో ఏం చేశారు?" అనేది రెండో ప్రశ్న. దానికి అబద్ధం పనికిరాదు. ఇప్పుడే ఏదైనా చిన్న కోర్సో, తెలిసినవాళ్లకు పార్ట్‌టైం పనో మొదలుపెడితే నిజమే చెప్పుకోవచ్చు.

హైదరాబాద్‌లో పొద్దున పదింటికి పిలిస్తే ముందు రోజు సాయంత్రమే పంపించు. కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి అది లేటైతే ఆ చెమట, ఆ టెన్షన్ మొహం మీదే ఉంటాయి. బస్సులో పోతే ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కమను. మధ్యలో మారే పని లేకుండా అదే రైలు హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా పోతుంది. ఇంటర్వ్యూ అయ్యే టైం చూసుకుని నువ్వు ఫోన్ చేయకు. అతను ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని తిన్నాక, తనే చెబుతాడు.

ఇంటి పని సంగతి. ఇంట్లోనే ఉన్నాడు కదా అని గ్యాస్ బండ నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ అతని మీద వేయకు. అలాగని చుట్టంలా కూర్చోబెట్టకు, అది ఇంకా చేటు. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా ఉద్యోగం వెతికే టైం అనుకోండి. ఆ మూడు గంటల్లో మీ అత్తమ్మ కూడా పాల ప్యాకెట్ కోసం పంపకూడదు. ఆ మాట ఆమెకు అతనితోనే చెప్పించు, నువ్వు చెబితే వేరేలా అవుతుంది. మధ్యాహ్నం పిల్లలను బడి నుంచి తేవడం, హోంవర్కు అతనికి వదిలెయ్. వదిలేశాక వంకలు పెట్టకు. చిన్నదాని జడ వంకరగా వేసినా వేయనీ.

ఇక డబ్బు. జీతం ఆగింది కాబట్టి రావలసినవి ముందు రాబట్టుకోవాలి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, చివరి మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16 ఇంట్లో ఫైల్లో ఉన్నాయో లేదో ఇవాళే చూడమను. అయిదేళ్లు దాటింది కాబట్టి గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు కంపెనీ ఇచ్చే డబ్బు, వస్తుంది. ఏడాదికి 15 రోజుల జీతం లెక్క, 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే మొహమాటపడకుండా మెయిల్ పెట్టి అడగాలి. పీఎఫ్ మాత్రం మరీ గతి లేకపోతే తప్ప మొత్తంగా తీయకండి. పదేళ్ల సర్వీసు ఉంటే దాని కిందే పింఛను వస్తుంది, ఆరేళ్లు ఇప్పటికే ఉన్నాయి. పింఛను డబ్బు కూడా తీసేసుకుంటే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పాత కంపెనీ ఉద్యోగం మానిన తేదీ ఎక్కించకపోతే రెండు నెలల తర్వాత అతనే పీఎఫ్ పోర్టల్లో ఎక్కించుకోవచ్చు. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది. పిల్లలున్న ఇల్లు, చిన్నదైనా సరే ఒక పాలసీ కట్టండి.

ఈఎంఐ తప్పేలా ఉంటే తప్పకముందే బ్యాంకుకు పోయి మాట్లాడాలి. తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవొద్దు. వినడానికి రెండే, ఏడాదికి 24 శాతం. అంతకంటే నీ గాజులు బ్యాంకులో పెట్టడం నయం. నేను పెట్టాను, విడిపించుకున్నాను కూడా. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో: ఎంత చిరాకులో ఉన్నా "నా జీతం మీద ఇల్లు నడుస్తోంది" అనకు. అది అతనికి తెలుసు. తెలియనట్టు ఉండే అవకాశం అతనికి ఇవ్వు.

బతుకమ్మ దగ్గరో పెళ్లిలోనో "ఏం చేస్తుండు మీ ఆయన?" అని అడగనివాళ్లు ఉండరు. ఇద్దరూ ఒకటే జవాబు అనుకోండి. "వేరేది చూస్తున్నాడు, మీ ఆఫీసులో ఏమైనా ఉంటే చెప్పండి" అను. ఊరికే ఆరా తీసేవాళ్లు తప్పుకుంటారు. నిజంగా పనికొచ్చేవాళ్లు నంబరు అడుగుతారు. ఈ రోజుల్లో లోపలివాళ్లు ఒక మాట చెబితేనే రెజ్యూమె తెరుస్తున్నారట. ఇక్కడ మడికొండ ఐటీ పార్కులో పనిచేసే పిల్లలు మన చుట్టాల్లోనే ఉన్నారు, వాళ్లను అతనే కలవాలి, నువ్వు తోడు వెళ్లకు.

"గ్రూప్స్ రాయరాదు?" అనే సలహా కూడా వస్తుంది, హన్మకొండలో అది రాకుండా ఉండదు. రాయాలనుకుంటే రాయనీ. కానీ ఆ సర్కారు ఉద్యోగాల పరీక్షలకు టీజీపీఎస్సీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుంది, అందాకా ఇల్లు ఎలా గడుస్తుంది అని లెక్క వేసుకుని, ఫలానా నెల దాకా అని రాసిపెట్టుకుని దిగాలి. పొద్దున ఇంటర్వ్యూలు, సాయంత్రం కోచింగ్ అంటే రెండూ అందవు.

ఉద్యోగం ఇస్తాం, ముందు డిపాజిట్ కట్టండి అనేవాళ్లు ఎవరైనా దొంగలే. లెటర్‌హెడ్ ఎంత అందంగా ఉన్నా సరే. ఒకవేళ పైసలు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

అతను పొద్దెక్కేదాకా లేవకపోవడం, గడ్డం గీసుకోకపోవడం, తిండి కెలికి వదిలేయడం వారాల తరబడి సాగితే అది బద్ధకం కాదు. దబాయించకు, డాక్టరు దగ్గరికి తీసుకుపో. "నేను లేకపోతేనే మీకు నయం" లాంటి మాట వస్తే తమాషా అనుకోకు, ఒంటరిగా వదలకు. మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. నాకూ చెప్పు, ఏ రాత్రయినా సరే.

నీ కష్టం ఎవరికి చెప్పుకోవాలంటావా? నాకు చెప్పు. మీ అమ్మకు వద్దు. నా చెల్లె సంగతి నాకు తెలుసు, పొద్దున చెబితే మధ్యాహ్నానికి హుజూరాబాద్ దాకా పోతుంది.

ఆఫర్ వచ్చాక కూడా తొందరపడకండి. ఏడాదికి ఇన్ని లక్షలు అని చూసి మురిసిపోకుండా, నెలకు చేతికి ఎంత వస్తుందో, హైదరాబాద్‌లో కిరాయి పోగా ఎంత మిగులుతుందో అడిగి లెక్క వేసుకోండి. అతను జాయినై మొదటి జీతం పడేదాకా ఊళ్లో చెప్పొద్దు. మీ అమ్మకు ఆ తర్వాత నేనే చెబుతాను.

మీ పెద్దమ్మ